పోతాండాడన్న కబురు

ఆదోని,
మార్గశిర అమావాస్య దాటిన మూడో రోజు.

చిరంజీవి తమ్ముడు ఈరన్నకు అన్న తిప్పన్న దీవించి రాసేది.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. రెండు రోజులు ఊరుకున్నాను కూడా. కాగితం ముందేసుకుని కూర్చోవడం, చుట్ట వెలిగించడం, చుట్ట అయిపోగానే లేవడం, ఇదే పని. రేపు పొద్దున బండి రంగన్న నూలు వేసుకుని ఎమ్మిగనూరికి బయలుదేరుతున్నాడని తెలిసింది. ఇక తప్పదని మొదలుపెట్టాను.

ముందు అడగవలసినవి అడుగుతాను. నీ మోకాలి నొప్పి ఈ చలికి ఎట్లా ఉంది? మగ్గం గుంటలో దిగేటప్పుడు కాళ్ళకు గోనె చుట్టుకోమన్నాను, చుట్టుకుంటున్నావా? మరదలు సుంకమ్మ, పిల్లలు బాగున్నారా? వదిన దగ్గు తగ్గిందా? నేను బాగున్నాను. బాగున్నానని ఒక్కో ఉత్తరంలో నాలుగుసార్లు రాస్తావు, నాలుగోసారికి నమ్మకం పోతుంది అని పోయినసారి రాశావు. అందుకని ఈసారి రెండుసార్లే రాస్తాను. ఇది ఒకటి.

మన ఇంటికి ఉత్తరం వస్తే వదిన గడప దగ్గర చేరి, కొంగు భుజం మీద సర్దుకుని, అంతా వింటుందని నాకు తెలుసు. ఈ కాగితాలు మాత్రం ఆమె ముందు చదవొద్దు. నువ్వొక్కడివే చదువు. ఆమెకు వినిపించడానికి వేరే చిన్న కాగితం లోపల మడిచి పెట్టాను. ఇది పెద్దన్న సంగతి, ఆమె పెనిమిటి సంగతి.

ఆదోనిని పట్టుకుని పరదేశం అంటానని నువ్వు నవ్వుతావు. పొద్దున బండి కడితే పొద్దు గుంకే లోపల చేరే ఊరు పరదేశం ఎట్లవుతుందని. బొంబాయికి పోయినవాడిది వలస, నాదేం వలస అని. నిజమే. కానీ దగ్గరున్నవాడే ఎక్కువ ఒంటరివాడు. "కూతవేటు దూరమే కదా, ఎప్పుడైనా పోవచ్చు" అని రెండు వైపులా అనుకుంటారు, ఎవరూ పోరు. ఆ మాటకొస్తే మనమంతా వలస వచ్చినవాళ్ళమే. పుట్టింది బళ్ళారి జిల్లాలో. మొన్న రాష్ట్రం విడదీసినప్పుడు, గుంటలో కూర్చున్నవాళ్ళం కూర్చున్నట్టే కర్నూలు జిల్లాకు వచ్చి పడ్డాం. కాలు కదపకుండా జిల్లా మారిన జాతి మనది. చూశావా, చెప్పాల్సింది వదిలేసి ఎక్కడికో పోతున్నాను. ఇవ్వాళ చెప్పవలసింది పోవడం గురించే.

పత్తి మిల్లు గేటు దగ్గర నా పని ఎప్పటిలాగే ఉంది. బండి వస్తే గేటు తీయాలి, పోతే వేయాలి. ఇది బండ్ల కాలం. లోపల యంత్రం తిరిగినంతసేపు దూది నుసి గాలిలో తేలి నా మీసం మీద వాలుతుంది, సాయంత్రానికి నన్ను ఇంకో పదేండ్లు పెద్దవాణ్ని చేస్తుంది. కూలికి వచ్చే ఆడవాళ్ళు నన్ను "దూది తాతా" అని పిలుస్తారు. గది గోడలు రాతివి, చలిని దాచిపెట్టుకుని పొద్దున్నే నాకు అప్పజెబుతాయి. వంట నాదే. మూడేండ్లైనా జొన్నరొట్టె తట్టడం రాలేదు. ఒక రోజు రొట్టె ఆలూరు తాలూకా మాదిరి, ఒక రోజు పత్తికొండ తాలూకా మాదిరి వస్తుంది. గుండ్రంగా మాత్రం రాదు.

పెద్దన్న ఇల్లు విడిచిన రోజు నువ్వు సంతకు పోయి ఉన్నావు. జరిగింది నేను చెప్పగా విన్నావు. నేను చెప్పింది సగం.

నాన్న పోయిన ఏడాది అది. కిటికీ కింద నాన్న మగ్గం, ఇంట్లో వెలుతురున్న మగ్గం అదొక్కటే, పెద్దవాడిగా అన్నకు రావాలి. నేను గుంటలో దిగి కూర్చుని లేవలేదు. "నాకు చూపు తక్కువ, వెలుతురు నాకు కావల్ల" అన్నాను. అప్పటికి నా చూపు గద్ద చూపు. అన్న గుంట దగ్గరికి వచ్చాడు. పోగు అటూ ఇటూ విసిరే నాన్న నాడె తీసి మొలలో దోపుకున్నాడు. వదిన గడపకు అడ్డం నిలబడింది.

"పోయొస్తా అను. ఆ ఒక్క మాట అని పో" అంది.

అన్న ఆమెను మెల్లగా పక్కకు జరిపి, "పోతా" అన్నాడు. వెళ్ళిపోయాడు.

మన వాళ్ళు మాటకు భయపడే జాతి. బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. ఆడదాని చేతి గాజు పగిలిందనరు, పెరిగిందంటారు. ఇల్లు కదిలేవాడు పోతా అనకూడదు, పోయొస్తా అనాలి. ఇన్ని జాగ్రత్తలు పడి, ఊరికి పోవడానికీ చచ్చిపోవడానికీ ఒకటే మాట పెట్టుకున్నారు. ఇదేం తెలివో నాకు అర్థం కాదు.

ఇరవై ఏండ్లు వదిన గాజులు వేసుకుంది, బొట్టు పెట్టుకుంది. "ఉన్నాడో పోయినాడో తెలీకుండా ఎన్నాళ్ళమ్మా ఇట్ల?" అని ఒకసారి ఎవరో అంటే ఆమె చెప్పిన జవాబు నీకూ గుర్తుండే ఉంటుంది. "పోయినాడు. నా కండ్ల ముందరే గదా పోయినాడు. ఇంక వచ్చేదే మిగిలింది."

నెల కిందట గేటు ముందు ఆగిన పత్తి బండిలో రైతు కంబడి పరుచుకుని కూర్చున్నాడు. దాని కొసన మూడు ఎర్ర పోగులున్నాయి, ఒకదానికొకటి తగలకుండా. బట్ట దింపేముందు నాన్న వేసే గుర్తు. నూలు పంచెకు వేయాల్సింది గొర్రెబొచ్చు కంబడికి ఉంది. నా చూపు ఇప్పుడు నిజంగానే తక్కువ, బండి దగ్గరికి పోయి ముక్కు ఆనించి చూశాను.

"ఏం పెద్దాయనా, కంబడి వాసన చూస్తాండావా?" అన్నాడు రైతు.

"యాడిదప్పా ఇది?"

"నక్కలకోనది. ఆడ గొర్లోళ్ళ కాడ ఒక ముసలాయన నేస్తాడు. చెయ్యి మంచిది. నోరే లేదు."

ఆయన మా అన్న, తిప్పడు మిల్లు గేటు కాడ ఉండాడు, వస్తాడని చెప్పమని రైతుకు చెప్పి పంపాను. నీకు రాశాను. నువ్వు వదినతో చెప్పావు. ఆమె కొత్త తువ్వాలు నేసి పంపింది. "మాటలొద్దు, మనిషిని తీసుకుని రమ్మను" అన్నదని రాశావు. నేను వెంటనే బయలుదేరలేదు. బండ్ల కాలం, సెలవు దొరకదని నీకు జవాబు రాశాను. అది కూడా సగమే. అన్న ఎదురుగా నిలబడి ఏమనాలో తోచలేదు. "తప్పు నాదే" అనాలి. రెండే మాటలు. గేటు దగ్గర కూర్చుని వాటిని నోటికి అలవాటు చేసుకుంటున్నాను.

అమావాస్య ఇంకా నాలుగు రోజులుందనగా కోన నుంచి ఒక మనిషి వచ్చాడు. పేరు మల్లయ్య, గొర్రెలవాడు, ఇంట్లో కన్నడం, బయట తెలుగు. బొచ్చు మూట భుజాన వేసుకుని గేటు బయట నిలబడి అడిగాడు.

"తిప్పన్న అంటే నువ్వేనా?"

"నేనే."

"నువ్వు మిల్లు కాడ ఉండావని ఆ బండి రైతు వచ్చి చెప్పినాడు. మీ అన్న పోతాండాడు. మా అవ్వ నిన్ను బిర్రున రమ్మనింది."

అప్పుడే ఒక పత్తి బండి గేటులో అడ్డం తిరిగింది. బండివాడు అరుస్తున్నాడు, వెనక బండివాడు అతన్ని తిడుతున్నాడు. నేను ఎద్దు ముక్కుతాడు పట్టుకుని "సరే పో, వస్తా" అన్నాను. బండి లోపలికి పోయి, నేను తిరిగి చూసేసరికి మల్లయ్య లేడు.

నాకు ఒళ్ళు మండింది. నేను ఇక్కడున్నానని తెలిసి, వస్తానని తెలిసి, ఈయన మళ్ళీ మూట కట్టుకుంటున్నాడే అనుకున్నాను. పోవడం ఆయనకు పనే కదా. ఇరవై ఏండ్లు మమ్మల్ని నిలబెట్టినవాడు నా కోసం నాలుగు రోజులు నిలబడలేడా? అమావాస్యకు మిల్లు మూస్తారు, అప్పుడు పోదాం. ఉంటే ఉంటాడు, పోతే పోతాడు.

ఈరన్నా, నేను సెలవు అడగలేదు. అడిగితే మేస్త్రీ ఇచ్చేవాడు. ఇది రాయడానికే ఈ ఉత్తరం.

అమావాస్య పొద్దున కౌతాళం పోయే బండి ఒకటి దొరికింది. మధ్య దారిలో దిగి, పడమటి గట్ల వైపు నడక పట్టాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ పొద్దు నేను చాలా సంతోషంగా ఉన్నాను. అంత సంతోషంగా నడిచి ఎన్నేండ్లయిందో. నల్లరేగడి మీద మంచు మోకాలెత్తున పరుచుకుని ఉంది, నా కాళ్ళు నాకే కనపడలేదు. కాళ్ళు లేకుండా నడుస్తున్నాను, మోకాళ్ళు నొయ్యలేదు. జొన్నచేలు పాలు పోసుకున్నాయి. మంచె మీద ఎవడో వడిసెల తిప్పుతూ, పిట్టల్ని వాటి అమ్మలక్కల్ని కలిపి తిడుతున్నాడు. ఆ తిట్లు కూడా చలిలో శుభ్రంగా వినిపించాయి. ఊపిరి తీస్తే గుండె అడుగుదాకా పోయింది. మూడేండ్లుగా దూది మింగిన గొంతు నాది, గాలి ఇంత తియ్యగా ఉంటుందని మరిచిపోయాను.

శనగచేను గట్టున ఆగాను. శనగాకు మీద పడిన మంచు పులుపెక్కుతుంది, నీకు తెలుసు కదా, చిన్నప్పుడు అన్నే మనకు చూపించాడు. పంచె కొస తడిపి నోట్లో పిండుకున్నాను. అదే పులుపు. చేలో ముసలి దంపతులు ఎండు కంప వేసి మంట కాగుతున్నారు.

"యాడికప్పా ఇంత పొద్దున్నే?" అన్నాడు ఆయన.

"నక్కలకోనకు."

"ఆడేముంది? రాళ్ళు, గొర్లు."

"మా అన్న ఉండాడు."

"అన్న ఉంటే రాళ్ళున్నా పోవల్ల" అంది ముసలమ్మ. "కూర్చో. రోంత కడుపులో ఏసుకుని పో. అన్న యాడికి పోడులే."

ఆమె ఆ మాట అన్నప్పుడు నేను నవ్వాను. మా అన్న సంగతి నీకు తెలీదులే అనుకున్నాను. వాళ్ళు కాయలున్న శనగ మొక్కలు పీకి మంటలో వేశారు. బూడిద ఊదుకుంటూ, వేళ్ళు కాల్చుకుంటూ, ఒలుచుకుని తిన్నాను. మీసానికి దూది పోయి మసి పట్టింది. ఆయన జొన్నగిరిలో బంగారం వెతికిన తన మామ కథ ఒకటి చెప్పాడు, నేను దానికి దీటుగా ఒక కథ చెప్పాను, నాది ఇంకొంచెం పొడుగు. బారెడు పొద్దెక్కింది. అప్పుడు లేచాను.

అక్కణ్ణుంచి బండల మధ్య సన్నటి దారి. ఏనుగులు పడుకున్నట్టు గుండ్రటి బండలు, వాటి సందుల్లో రేగు పొదలు. ఒక్కో పొద దగ్గర ఆగి నాలుగేసి పండ్లు తిన్నాను. గట్టు పైకి చేరేసరికి కోన అంతా కిందికి కనపడింది. చుట్టూ కొండలు, మధ్యలో చాప పరిచినంత నేల, సన్నటి వంక, ఆరేడు గుడిసెలు, నల్ల గింజలు చల్లినట్టు గొర్రెలు. పొగలు నిటారుగా లేస్తున్నాయి. ఇంత చోటు చూసుకుని ఇన్నేండ్లు దాక్కున్నాడా మా అన్న, ఆయన తెలివి ఆయనది అనుకున్నాను.

గుడిసెలకు కొంచెం ఎడంగా పదిమంది దాకా చేరి ఉన్నారు. గుంట తవ్వారు. ఒకడు లోపలికి దిగి ఉన్నాడు, పైనున్నవాళ్ళు బరువుగా ఏదో అందిస్తున్నారు. ఆడవాళ్ళు పక్కన కూర్చున్నారు. నాకున్న చూపుకు అంతవరకే కనపడింది. ఓహో, తొలకరి జొన్నల పాతర వేస్తున్నారు, ఈ ఏడు బాగా పండినట్టుంది అని సంబరపడ్డాను. పాతర మూసేటప్పుడు పరాయివాడు పోయి నిలబడడం మర్యాద కాదు కదా. గింజలు ఎక్కడ దాచుకున్నారో కొత్తవాడి కంట పడకూడదు. మన్ను కప్పేదాకా ఆగుదామని, చలిగాలి తగలకుండా ఒక బండ చాటున కూర్చుని, మూట విప్పి రొట్టె తిన్నాను. తింటూ తొంగి చూస్తూనే ఉన్నాను. మన్ను కప్పారు. మీద రాళ్ళు పెట్టారు. మంచి జాగ్రత్తగల మనుషులు అనుకున్నాను. అప్పుడు లేచి, "తప్పు నాదే, తప్పు నాదే" అని అలవాటు చేసుకుంటూ కిందికి దిగాను.

వంక దగ్గర మల్లయ్య పార కడుక్కుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడొస్తివా?" అన్నాడు. అంతే, మళ్ళీ పార కడగడంలో పడ్డాడు.

గుడిసె ముందు వాళ్ళ అవ్వ, హనుమవ్వ, చెంబుతో నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉంది. పొడుగు మనిషి, నా కంటే పెద్దది. "తిప్పన్నవా? కాళ్ళు కడుక్కో" అంది. ఎంత మర్యాద అనుకుని కడుక్కున్నాను.

"మా అన్న యాడవ్వా? ఉండాడా, పోయినాడా?"

"పోయినాడప్పా. తెల్లారకముందే పోయినాడు."

"తెల్లారకముందే ఏం తొందరవ్వా ఆయనకు? యాడికి పోయినాడు?"

ఆమె చెంబు కింద పెట్టింది. "యాడికి పోతాడప్పా, ఆ కాళ్ళతో? లేచి నిలబడక ఇరవై దినాలాయె" అని, నేను పై నుంచి చూసిన చోటు వైపు చెయ్యి చూపించింది. తడి మన్ను, మీద రాళ్ళు.

నేను అక్కడే గడప దగ్గర కూర్చున్నాను.

"పోతాండాడని చెప్పి పంపితి గదప్పా. మావాడు చెప్పలేదా?"

"చెప్పినాడవ్వా."

"మరి నువ్వేమనుకుంటివి?"

"ఊరు విడిచి పోతాండాడనుకున్నా."

"అయ్యో శివనే" అంది హనుమవ్వ. నా పక్కన వచ్చి కూర్చుంది. "నాలుగు దినాలు పానం పట్టుకున్యాడు నీ కోసరం. 'మా తిప్పడు వస్తాండాడా' అని పొద్దుకు పదిమాట్లు అడుగుతాడు. వస్తాండాడు, వస్తాండాడు అని నేను సుళ్ళు చెప్తా. ఈ పొద్దు గూడ దావ పక్కే చూస్తా బారెడు పొద్దెక్కేదాక పెట్టుకుంటిమి. ఆ గట్టు మీద ఎవరన్నా కనపడ్తారేమో, పిడికెడు మన్నన్నా ఏస్తారని. ఎవరూ కనపడలేదప్పా."

గట్టు మీద, బండ చాటున, రొట్టె తింటూ నేనున్నానని ఆమెకు చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

వదిన మాట ఎప్పుడైనా ఎత్తాడా అని అడిగాను. "లేదప్పా. మాట్లాడేదే తక్కువ. నేసేది, తినేది, పండుకునేది" అంది. నా మీద కోపం ఉండేదా అని అడిగాను.

"కోపమా? ఎందుకుంటాది? 'మా తమ్మునికి కండ్లు తక్కువవ్వా, ఇంట్లో ఉండేది ఒక్క కిటికీ, వెలుతురు వానికి ఇడిసి వస్తి' అనేటోడు. ఎట్లుండాయప్పా నీ కండ్లు ఇప్పుడు?"

బాగున్నాయని చెప్పాను. ఆ ఒక్క అబద్ధం నేను ఆడింది ఇరవై ఏండ్ల కిందట, అన్న దాన్ని చచ్చేదాకా నమ్మాడు. అది నిజమైంది మొన్న మొన్నే, నా చూపు మగ్గానికి పనికిరాక నేను ఆదోని చేరినప్పుడు. నువ్వు ఇప్పుడు కూర్చునేది ఆ కిటికీ కిందే. వెలుతురు బాగుంటుంది కదా.

వదిన నేసిన తువ్వాలు మట్టి మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. ఆయనను ఆయన నేసిన కంబడిలోనే చుట్టారట. ఇంకొక కంబడి మగ్గం మీద సగంలో ఉంది. పోయినవాడి పడుగు మగ్గం మీద నిలబడకూడదని హనుమవ్వ నన్ను దిగమంది. దిగాను. గుంట ఆయన కాళ్ళ పొడవుకు తవ్వుకున్నది, నా కాళ్ళు అందలేదు. బెత్తెడు నేశాను. ఎర్ర పోగులు వేసే చోటు నాకు కనపడలేదు. ఆమె పక్కన కూర్చుని "ఈడప్పా, ఇంగ రోంత ఇట్ల" అని వేలు పెట్టి చూపిస్తూ ఉంటే వేశాను. మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కోసి దింపాను. ఆ ముక్క ఇప్పుడు నా భుజాల మీద ఉంది. మోకాళ్ళదాకా రాదు. అన్న మొలలో దోపుకుపోయిన నాడె కూడా ఆమె ఇచ్చింది. అది నీకు పంపను. వదిన చూస్తే గుర్తుపడుతుంది.

బయలుదేరేటప్పుడు అలవాటు కొద్దీ "పోయొస్తా అవ్వా" అన్నాను. "పోయిరాప్పా" అంది ఆమె. వచ్చిన దారే. రేగు పొదలు అవే, పండ్లు అవే. శనగచేలో ఆ దంపతులు ఇంకా ఉన్నారు. "అన్న బాగుండాడా?" అని ముసలమ్మ గట్టిగా అడిగింది. చెయ్యి ఊపాను.

ఇక చిన్న కాగితం సంగతి. అందులో వదినకు ఇట్లా రాశాను: "నేను పోయేసరికే అన్న పోయినాడు. తువ్వాలు ఆయనకు చేరింది. ఎవరి మీదా కోపం లేదంట." వెతికి చూడు, అందులో అబద్ధం ఒక్కటి లేదు. ఇరవై ఏండ్లుగా ఆమె వింటున్న మాటే. నన్ను ముంచిన మాట ఆమెను ఒడ్డున ఉంచితే ఉంచనీ అనుకున్నాను. ఇది ఆమె మీద దయో, "నాలుగు దినాలు ఎందుకు నిలిస్తివి" అని ఆమె అడిగితే జవాబు లేని నా పిరికితనమో, రెండు రోజులు చుట్టలు కాల్చి ఆలోచించినా తేలలేదు. నీ మనసు ఒప్పకపోతే ఆమెకు చెప్పు. నేను నిన్ను తప్పు పట్టను. చెప్పినా చెప్పకపోయినా పదో నాటికి నేను తుంగభద్ర ఒడ్డుకు వస్తాను. నువ్వు నూలు పని అని చెప్పి రా. అన్నకు చేయవలసింది మనమిద్దరం చేద్దాం. ఈసారి కబురు రాకముందే వస్తాను.

రంగన్న తిరిగి వచ్చేటప్పుడు చింతకాయ తొక్కు కొంచెం పంపు, ఉల్లిగడ్డ వేయనిది. పాత గోనె ఉంటే అది కూడా, గది కిటికీకి కట్టుకుంటాను. పిల్లల్ని చలిలో తిరగనివ్వొద్దు. సుంకమ్మకు నా దీవెనలు. ఊళ్ళో నాకంటే పెద్దవాళ్ళు మిగిలింది ఇద్దరో ముగ్గురో, వాళ్ళకు నా దండాలు. వదిన కాళ్ళకు నా తరఫున నువ్వే మొక్కు. ఆమె ఏమని దీవించిందో రాయి.

నేను బాగున్నాను. ఇది రెండోది.

నీ అన్న,
తిప్పన్న

కాగితం మడవబోతుంటే మిల్లు సందులో గాజుల శెట్టి కేక వినిపించింది. పిలిచాను.

"ఆకుపచ్చవి డజను ఇయ్యి."

"ఎవరికి పెద్దాయనా? చెయ్యి యాడ? చెయ్యి చూసి గాజులు ఏస్తాం గానీ కబురు చూసి ఏస్తామా?"

"మా వదినకు. ఎమ్మిగనూరులో ఉంటుంది. చెయ్యి సన్నది."

"మీ అన్న తీసియ్యడా?"

"మా అన్న పోయినాడు."

శెట్టి గాజుల దండలోంచి తలెత్తి చూశాడు. "యాడికి?" అన్నాడు.

"కౌతాళం పక్క" అన్నాను.

"వస్తాడులే" అని, లెక్కపెట్టి ఇచ్చాడు. పన్నెండు. పాత పంచె ముక్కలో చుట్టేటప్పుడు ఒకటి పెరిగింది. రంగన్న చేత పదకొండు పంపుతున్నాను.